జాతరైన నెలకు పుట్టినవాడు: మా అండర్-13 ఫుట్‌బాల్ సీజన్

ఆదివారం పొద్దున ఐదున్నరకు అలారం లేకుండానే మెలకువ వస్తోంది. సీజన్ అయిపోయి రెండు నెలలు దాటింది. బంతుల సంచి బాల్కనీలో మూలన ఉంది, దానికి అంటిన మన్ను కూడా ఇంకా దులపలేదు. సికింద్రాబాద్ లాలాగూడ పిల్లలు పద్నాలుగు మందితో జూన్ నుంచి నవంబర్ చివరిదాకా గడిపిన రోజులను, వివరాలు చెదిరిపోకముందే రాసిపెట్టాలనిపించింది. పిల్లల పేర్లు రాయడం లేదు. ఇందులో ఒకడి పుట్టినరోజు గురించి చాలా చెప్పాల్సి ఉంది.

నేను రైల్వేలో పని చేస్తాను, షిఫ్టు డ్యూటీలు. ఇంటర్, డిగ్రీ రోజుల్లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవాణ్ణి. లాలాగూడ, మెట్టుగూడ వైపు క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. మా నాన్న తరం వాళ్లు డ్యూటీ దిగి నేరుగా గ్రౌండ్‌కే పోయేవారు. మా తరానికి వచ్చేసరికి గోల్‌పోస్టులు పోయి వికెట్లు మిగిలాయి. అందుకే మే నెలలో తెలిసినవాళ్లు ఫోన్ చేసి, "ఆరు జట్లతో అండర్-13 లీగ్ పెడుతున్నాం, మీ ఏరియా నుంచి ఒక టీమ్ తెస్తారా" అని అడిగితే వెంటనే సరేనన్నాను. ఒక్కో జట్టుతో రెండేసి సార్లు, మొత్తం పది మ్యాచ్‌లు. జట్టుకు తొమ్మిది మంది, సగానికి ఇరవై ఐదు నిమిషాలు. 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే ఆడాలి. ఆధార్ జిరాక్స్, స్కూల్ బోనఫైడ్, రెండు ఫొటోలు ఇస్తే చాలు.

మొదటి వారం పదకొండు మంది మగపిల్లలు వచ్చారు. తర్వాత ముగ్గురు అమ్మాయిలు చేరారు. స్టడ్స్, అంటే అడుగున బుడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు, ఉన్నవాళ్లు ఐదుగురు. మిగిలినవాళ్లు స్కూల్ బూట్లతో, ఇద్దరైతే ఉత్త కాళ్లతో. రోజూ ప్రాక్టీసుకు ముందు అందరం వరుసగా నిలబడి గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ గాజు పెంకులు, పల్లేరు కాయలు ఏరేవాళ్లం. నేను చెప్పడం మానేసిన తర్వాత కూడా పిల్లలు ఆ పని ఆపలేదు. ఆరు నెలల్లో ఒక్కరి కాలిలోనూ గాజు దిగలేదు. ఈ సీజన్‌లో నాకు బాగా తృప్తినిచ్చిన వాటిలో ఇదొకటి.

టీవీలో చూసి పిల్లలకు మెస్సీ, రొనాల్డో గోల్ కొట్టాక ఎలా ఎగురుతారో తెలుసు. త్రో-ఇన్, అంటే పక్క గీత దాటి బయటికి పోయిన బంతిని చేతులతో లోపలికి వేయడం, తెలియదు. రెండు కాళ్లూ నేల మీద ఉండాలి, బంతి తల వెనక నుంచి తల మీదుగా రావాలి, రెండు చేతులూ సమానంగా వాడాలి. వినడానికి ఇంతే. కానీ పరుగెత్తుకొచ్చి విసిరేటప్పుడు వెనక కాలు దానంతటదే లేచిపోతుంది. జూన్, జులై నెలల్లో సగం ప్రాక్టీసు దానికే పోయింది.

మిగిలిన సగం ఎడమ కాలు. కుడికాలి వాళ్లంతా వారంలో ఒకరోజు ఎడమ కాలితోనే ఆడాలన్నది మా నియమం. ఇది నా సొంత ఆలోచన కాదు. రహీం సాబ్ హైదరాబాద్‌లో అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారని మా గ్రౌండ్‌లో పాత ఆటగాళ్లు చెప్పేవారు. ఒకరోజు పిల్లల్ని కూర్చోబెట్టి సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో చెప్పాను. ఈ ఊళ్లోనే బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడే అన్నాను. "అమ్ముగూడనా? మా మేనత్తోళ్లు ఉంటరు సార్ ఆడ" అన్నాడొకడు. మెల్‌బోర్న్ కంటే ఆ మాటే వాళ్లకు పట్టింది.

గోల్‌కీపర్ దొరకడం చాలా కష్టమైంది. ఎవరిని అడిగినా "నన్ను గోల్‌ల నిలవెట్టకుండ్రి సార్" అనేవాళ్లే. వంతులేసి నిలబెట్టాను. వంతు వచ్చినవాడి మొహం చూస్తే శిక్ష వేసినట్టుండేది. ఒకరోజు ముగ్గురు అమ్మాయిల్లో చిన్నది చేయెత్తి "నేను నిలవడ్త" అంది. బంతి విసిరితే వెనక్కి జరగకుండా ఒంటికి హత్తుకుని పట్టుకుంటోంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వాళ్లకు పండ్ల బండి ఉందని, ఎండాకాలం లారీ మీది నుంచి పుచ్చకాయలు విసిరితే కింద నిలబడి పట్టుకునేదాన్నని చెప్పింది. కాయ జారితే పగిలిపోతుంది, నాన్న తిడతాడు. అంతకంటే మంచి శిక్షణ నేను ఇవ్వలేను.

ఆ పిల్లతో వచ్చిన చిక్కల్లా పట్టుకున్న బంతిని వదలకపోవడమే. 2025 జులై నుంచి కొత్త నిబంధన వచ్చింది. కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్, అంటే గ్రౌండ్ మూల నుంచి తన్నే కిక్, ఇస్తారు. చివరి ఐదు సెకన్లు రిఫరీ చేయెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. మా పిల్ల రిఫరీ వైపు చూడదు, బంతినే చూస్తుంది.

వినాయక చవితికి గ్రౌండ్‌లో మండపం వేశారు. నిమజ్జనం అయ్యేదాకా సందులోనే పాసులు ఆడాం. సెప్టెంబర్ 14న మొదటి మ్యాచ్. 0-6తో ఓడిపోయాం. రెండోది 1-3. ఈ రెండింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలంతా బంతి ఎక్కడుంటే అక్కడికి గుంపుగా పరుగెత్తారు, అంతే. ఒక్క త్రో-ఇన్ కూడా ఫౌల్ కాలేదు. దానికే నేను సంతోషపడ్డాను.

మా జట్టులో ఒక పొడుగు పిల్లాడున్నాడు. వాళ్ల నాన్న మేస్త్రీ పని చేస్తాడు, అమ్మ రెండు మూడు ఇళ్లలో పని చేస్తుంది. ములుగు వైపు నుంచి వచ్చి కొన్నేళ్లయింది. బంతి కాలికి తగిలితే ఆ పిల్లాడి నడకే మారిపోయేది. తలెత్తి చూసి, ఆగి, ఎవరికి ఇవ్వాలో ఆలోచించేవాడు. అది నేర్పితే వచ్చేది కాదు. మూడో మ్యాచ్ 2-1తో గెలిచాం, రెండూ వాడే కొట్టాడు. నాలుగోది 1-1, అదీ వాడిదే. ఐదోది 3-2తో గెలిచాం. ఐదు మ్యాచ్‌లలో మేం కొట్టిన ఏడు గోల్స్‌లో ఐదు వాడివి. దసరా సెలవుల్లో కూడా పిల్లలు ప్రాక్టీసుకు వస్తామన్నారు. బతుకమ్మ ఆడి వచ్చిన అమ్మాయిల జడల్లో తంగేడు పూలు అలాగే ఉండేవి. టేబుల్‌లో మేం మూడో స్థానంలో ఉన్నాం.

ఆ మూడో మ్యాచ్‌లో ఒకటి జరిగింది. అవతలి జట్టు చిన్న పిల్లాడొకడు బంతి కోసం మావాడితో భుజానికి భుజం కలిపి పరుగెత్తాడు. మావాడు తోయలేదు, కాలు అడ్డం పెట్టలేదు. రిఫరీ విజిల్ కూడా వేయలేదు. కానీ ఆ పిల్లాడు ఎగిరి అవతల పడి మణికట్టు పట్టుకుని ఏడ్చాడు. సాయంత్రం వాళ్ల కోచ్‌కు ఫోన్ చేస్తే చిన్న పగులు ఉందని, మూడు వారాలు కట్టు ఉంచాలన్నారని చెప్పాడు. ఆటలో దెబ్బలు మామూలే అనుకున్నాను.

దీపావళి అయిన రెండు రోజులకు ఆ పొడుగు పిల్లాడి ఇంటికి వెళ్లాను. జ్వరమని రెండు రోజులు రాలేదు, చూసి వద్దామని. ఒక్కటే గది. వాళ్లమ్మ చాయ్ పెట్టింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాటల్లో ములుగు, మేడారం వచ్చాయి. వచ్చే జనవరిలో జాతర ఉంది కదా, పోతారా అన్నాను.

"ఈసారి పోవాల్నే సారు. వీని మొక్కు బాకీ ఉంది. వీడు కడుపుల ఉన్నప్పుడు జాతరొచ్చింది, నెలలు నిండినయని నన్ను తోలుకపోలే. జాతరైన నెలకే పుట్టిండు. నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కిన. ఒకపారి పైసల్లేవు, ఒకపారి కరోనా. వీడు ఏటేట బరువైతనే ఉన్నడు, మొక్కు పెరుగుతనే ఉంది."

మేడారంలో బంగారం అంటే బెల్లం. మనిషి ఎంత తూగితే అంత బెల్లం సమ్మక్క సారలమ్మలకు ఇస్తారు. ఆమె నవ్వుతూ చెబుతోంది, నేనూ నవ్వుతున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టేటప్పుడు లెక్క తట్టింది. జాతర రెండేళ్లకోసారి. 2012లో జరిగింది, 2014లో జరిగింది. 2013లో జరగలేదు. వాడి ఆధార్‌లో పుట్టిన తేదీ 2013 జూన్ 1.

జూన్ 1 అంటే మనందరికీ తెలుసు. బడిలో చేర్చుకునేటప్పుడు కాగితం లేని పిల్లలకు వేసే తేదీ అది. మా అమ్మకు కూడా జూన్ నెలే. నేను ఏమీ అడగకుండానే ఆమె ట్రంకుపెట్టెలో నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి చిన్నప్పటి ఫొటో చూపించింది. ఫొటోతో పాటు టీకాల కార్డు కూడా ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. 2012 మార్చి 11. పనుల కోసం ఊళ్లు మారడంతో ఏడాది చదువు పోయిందట. సిటీకి వచ్చాక చిన్న తరగతిలో చేర్చడానికి బడిలో ఒక ఏడాది తగ్గించి రాశారట. ఆధార్ ఆ కాగితం చూసి చేయించారు. ఇందులో ఎవరూ మోసం చేయాలనుకోలేదు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పెద్ద టోర్నమెంట్లలో వయసు తేల్చడానికి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకలు ఎంత ఎదిగాయో చూస్తారు. మా లీగ్‌లో అదేమీ లేదు, కాగితాలే ఆధారం. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నా భార్యతో చెబితే, "ఆమె నిన్ను నమ్మి ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ పోసింది. ఆ మాట పట్టుకుని పోయి చెబుతావా?" అంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా అదే. కానీ కళ్లు మూసుకుంటే మణికట్టు పట్టుకుని కూర్చున్న ఆ చిన్నవాడు కనిపిస్తున్నాడు. పన్నెండేళ్లకూ పదమూడున్నరకూ మధ్య గొంతు మారుతుంది, భుజాలు వస్తాయి, బరువు పెరుగుతుంది. వయసు గీత పెట్టేది అందుకే. మావాడు ఏ తప్పూ చేయలేదు, అయినా అవతలివాడి చెయ్యి విరిగింది.

లీగ్ వాళ్ల దగ్గరికి వెళ్లేముందు వాళ్లమ్మ దగ్గరికే వెళ్లాను. విషయం చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. "ఆధార్ తీసేస్తరా సారు? బడికెళ్లి తీసేస్తరా?" అని అడిగింది. అవేవీ జరగవని, అండర్-13లో ఆడకూడదు అంతేనని ఎన్నిసార్లు చెప్పానో. పిల్లాడు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. కోప్పడతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను.

"అందుకేనా సార్, నేను క్లాసుల అందరికన్న పొడుగున్నది?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. వాణ్ణి క్లాసులో ఏడిపిస్తారని, చివరి బెంచీలో కూర్చోబెడతారని అప్పుడే తెలిసింది. అవును నాన్నా, అందుకే అన్నాను.

లీగ్ వాళ్లు నా మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నిబంధన ప్రకారం చేశారు. గెలిచిన రెండు మ్యాచ్‌లు, డ్రా అయిన ఒకటి 0-3 ఓటములుగా మారాయి. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున ఏడు పాయింట్లు పోయాయి. మాకు మిగిలింది సున్నా. మేమే వచ్చి చెప్పాం కాబట్టి జట్టును కొనసాగనిచ్చారు.

పిల్లలకు చెప్పే రోజు మొంథా తుపాను వాన. గ్రౌండంతా నీళ్లు. పక్కనున్న రేకుల షెడ్ కింద అందరం ఒకరికొకరం ఆనుకుని కూర్చున్నాం. రేకుల మీద చినుకుల చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అలాంటి సంగతి అరిచి చెప్పడం ఎంత కష్టమో. ఒకడు లేచి, "మనం గెల్సినం గద సార్. అది అబద్ధమా?" అన్నాడు. గెలవడం నిజమే, పాయింట్లు పోవడం కూడా నిజమే అన్నాను. నాకు తెలిసిన జవాబు అంతే. వాడికి అది చాలలేదని మొహంలో కనిపించింది. ఒక పిల్లాడి తండ్రి ఆ రాత్రి ఫోన్ చేశాడు. "మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తది సార్? పదమూడు మంది పిల్లల కష్టం గంగల గలిపిండ్రు" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ చెయ్యి విరిగిన పిల్లాడి గురించి చెప్పాను. వినే స్థితిలో లేడు. తర్వాతి వారం తన కొడుకును మాత్రం పంపించాడు, అందుకు ఆయనకు నమస్కారం.

నవంబర్ 2న ఆరో మ్యాచ్. పొడుగు పిల్లాడు రాడనుకున్నాను. అందరికంటే ముందే వచ్చి వాటర్ క్యాన్ మోసుకొస్తున్నాడు. మ్యాచ్ మొదలయ్యాక వెళ్లి మా గోల్ వెనక నిలబడ్డాడు. కీపర్ పిల్ల బంతి పట్టుకోగానే వాడు వెనక నుంచి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు అనేలోపే ఆ పిల్ల బంతి తన్నేసింది. నేను నాలుగు నెలలుగా చెబుతున్నా రాని అలవాటు ఒక్క పూటలో వచ్చింది. ఆ మ్యాచ్ 0-2తో ఓడిపోయాం.

వాడు లేకపోతే జట్టు కూలిపోతుందని నాకు భయంగా ఉండేది. కూలిపోలేదు. బంతి ఇచ్చేస్తే వాడే చూసుకుంటాడని అలవాటుపడిన పిల్లలు ఇప్పుడు తలెత్తి ఒకరినొకరు చూసుకోవడం నేర్చుకున్నారు. ఏడో మ్యాచ్ 1-1. ఆ గోల్ కుడికాలి అమ్మాయి ఎడమ కాలితో కొట్టింది. బెంచీ మీద నుంచి నేను ఎంత గట్టిగా అరిచానో, రిఫరీ నా వైపు తిరిగి చూశాడు.

ఎనిమిదో మ్యాచ్‌లో 0-1 వెనకబడి ఉండగా పెనాల్టీ వచ్చింది. అదే అమ్మాయి తన్నింది, పోస్టు పక్క నుంచి పోయింది. ఓడిపోయాం. ఆటో ఎక్కకుండా గేటు దగ్గర కూర్చుంది. ఏ ఓదార్పూ పని చేసేలా లేదు. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు సంగతి చెప్పాను. స్వతంత్రం వచ్చాక మొదటి ఒలింపిక్స్, మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఫ్రాన్స్ మీద 1-2తో ఓడిపోయారు, రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు. "రెండూనా?" అంది. రెండూ అన్నాను. "ఒక్కటి పడ్డా డ్రా అయితుండె గద" అంటూ లెక్క వేసుకుంటూ ఆటో ఎక్కింది.

తొమ్మిదో మ్యాచ్ 1-0తో గెలిచాం. ఆఖరి పది నిమిషాలు ఆట మొత్తం మా గోల్ ముందే నడిచింది. పుచ్చకాయల పిల్ల ఒక్కటి కూడా జారనివ్వలేదు. నవంబర్ 30న చివరిది 2-2. ఐదు పాయింట్లతో ఆరు జట్లలో ఐదో స్థానం. పోయిన ఏడు కలిపితే పన్నెండు, మూడో స్థానం. ఈ లెక్క పిల్లలందరికీ కంఠతా వచ్చు. నాకూ అప్పుడప్పుడూ మనసులో తిరుగుతూనే ఉంటుంది.

చివరి మ్యాచ్ రోజు, చెయ్యి విరిగిన పిల్లాడు కూడా కట్టు విప్పేసి వాళ్ల జట్టుతో వచ్చాడు. మావాడు దూరం నుంచి చూసి, చాలాసేపు ఆగి, దగ్గరికి పోయి ఏదో మాట్లాడాడు. ఇద్దరూ మణికట్లు పక్కపక్కన పెట్టి కొలుచుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

డిసెంబర్ నుంచి వాడి జనన ధృవీకరణ పత్రం కోసం తిరుగుతున్నాం. ఏడాది దాటిన జననం కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. టీకాల కార్డు, అఫిడవిట్, బడి కాగితాలు జతచేశాం. నైట్ డ్యూటీ దిగి నేనూ, పని ఇళ్లలో సెలవు అడిగి ఆమే, ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాం. ఆ కాగితం వస్తే వాణ్ణి అండర్-15 సెలక్షన్లకు తీసుకెళ్తాను. అక్కడ వాడు అందరికంటే పొడుగేమీ ఉండడు.

మొన్న వాళ్లు జాతర నుంచి వచ్చారు. సాయంత్రం ఆమె కవర్‌లో బెల్లం, కుంకుమ తెచ్చి ఇచ్చింది. ఎంత తూగాడమ్మా అని అడిగాను. "నలభై ఏడు కిలోలు సారు. పోయినపారి జాతరకే ఇచ్చినా ఇంత కాకపోవు" అంది, మొక్కు తీరిన మొహంతో. వాడు మా మాటలు వినడం లేదు. బాల్కనీలోకి పోయి సంచి విప్పి బంతుల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూస్తున్నాడు.

"సార్, ఒక్కదాంట్ల గూడ గాలి లేదు. పంప్ ఏడుంది?"